అలగని గీత

నా దగ్గర చదువుకున్న మీలో కొందరు ఈ మధ్యనే డిగ్రీ కళాశాలల్లో అర్థశాస్త్రం చెప్పడానికి చేరారు. ఒకరిద్దరు ఫోన్ చేసి, మొదటి సెమిస్టర్ పిల్లలకు సూక్ష్మ అర్థశాస్త్రం ఎలా మొదలుపెడితే బాగుంటుంది సార్ అని అడిగారు. నా దగ్గర జవాబు ఉంటే ఈపాటికి ఎవరికో ఒకరికి చెప్పేసేవాణ్ణి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, కళాశాలలు తెరిచిన వారంలోనే, మనిషి కోరికలు అనంతం, వనరులు పరిమితం అంటూ ఆ పాఠం మొదలుపెట్టాను. చివరి ఏళ్ళకు వచ్చేసరికి ఆ వాక్యం ఎప్పుడు అన్నానో, ఎప్పుడు ముగించానో నాకే తెలిసేది కాదు. నోరు పాఠం చెబుతుంటే మనసు తిరుగు బస్సు గురించి ఆలోచించేది. కాబట్టి సలహా అడక్కండి. జరిగిన సంగతి ఒకటుంది, అది చెబుతాను.

నా చివరి బదిలీ నెల్లూరుకు ఉత్తరాన, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు. రిటైర్మెంటు దగ్గరపడ్డ వాళ్ళను ఇంటికి దగ్గరగా వేస్తారని అందరూ చెప్పారు. నన్ను మాత్రం రెండు బస్సులు, ఒక ఆటో మారితే గాని చేరలేని చోట వేశారు. విడవలూరు వైపు నుంచి వరి రైతుల పిల్లలు, జువ్వలదిన్నె వైపు నుంచి చేపలు పట్టేవాళ్ళ పిల్లలు అక్కడికి వచ్చేవారు. మంచి పిల్లలు. అల్లరి కూడా పెద్దగా చేసేవారు కాదు. అల్లరి చేసి ఉంటే నాకు కాస్త మెలకువగా ఉండేదేమో.

నేను చేరిన ఏడాదే డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలో చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా తెలుగులో చెప్పినవాణ్ణి, ఆ వేసవి సెలవుల తర్వాత తరగతిలోకి వెళ్ళి ఇంగ్లీషు పుస్తకం తెరిచాను. నా ఇంగ్లీషు చదవడానికి పనికొస్తుంది, జవాబు రాయడానికి పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక సంగతి విడమరిచి చెప్పాల్సి వస్తే అది నడుమ ఆగిపోతుంది. అందుకని చదివాను. ఒక పేరా చదవడం, మళ్ళీ అదే పేరా ఇంకాస్త నెమ్మదిగా చదవడం. పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవారు. ప్రశ్నలుండేవి కావు. ఆ నిశ్శబ్దం నాకూ సౌకర్యంగానే ఉండేది.

మూడో బెంచీలో గోడవైపు ఒకామె కూర్చునేది. మిగతా పిల్లలకంటే వయసులో పెద్దది. ఇంటర్ అయ్యాక కొన్నేళ్ళు రొయ్యల కంపెనీలో పొట్టు తీసే పనిచేసి, మానేసి, డిగ్రీలో చేరింది. తరగతిలో అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు. ఐసునీళ్ళలో నానిన వేళ్ళు గరుకుగా, చివర్లలో పగుళ్ళతో ఉండేవి. పెన్ను గట్టిగా పట్టుకుంటే గాని తనకు పట్టు తెలియదని ఒకసారి చెప్పింది. ఒకరోజు ఆమె పక్కనుంచి నడుస్తూ ఏం రాస్తోందో చూశాను. నేను చదివిన ఇంగ్లీషునంతా తెలుగు అక్షరాల్లో రాసుకుంటోంది. ఒక్క మాట వదల్లేదు.

"అర్థమైందామ్మా?" అని అడిగాను.

"రాసుకున్నా సార్" అంది.

ఆ జవాబు ఎంత సరైందో సెమిస్టర్ ఫలితాలు వచ్చినప్పుడు తెలిసింది. నా పేపర్లో తరగతిలో ఎక్కువమంది పోయారు. ఆమె మిగతా పేపర్లన్నీ గట్టెక్కి, ఇదొక్కటే పోగొట్టుకుంది. మళ్ళీ రాయాలంటే తర్వాతి ఏడాది కొత్తగా వచ్చే పిల్లలతో కలిసి రాయాలి. స్టాఫ్ రూములో కామర్స్ మాస్టారు, ఈ ఉత్తర్వు ఇచ్చినవాళ్ళను తెచ్చి ఈ బెంచీల మీద కూర్చోబెట్టాలి అన్నారు. అందరం నవ్వి, టీ తాగి, ఎవరి గంటకు వాళ్ళం వెళ్ళాం.

ఆమె మాత్రం మధ్యాహ్నం మా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మా అన్న ఇంకొక్కసారి చూస్తానన్నాడు సార్. మళ్ళా పోతే కంపెనీకే పొమ్మన్నాడు."

ఇంట్లో పెద్దమాట వాళ్ళ అన్నయ్యదే. బోటు మీద వెళతాడు. ఆమె పని మానేసి చదువుకుంటానంటే ఒప్పుకున్నది కూడా అతనే.

"నువ్వేమన్నావు?"

"ఏమంటా సార్. సరే అన్నా. ఆయన పడే కష్టం నాకు తెలీదా."

వెళ్ళబోతూ ఆగి, "ఈసారి ఎట్టా చదవాల్నో చెప్పండి సార్" అంది. బాగా చదువమ్మా అన్నాను. ఆమె సరే సార్ అని వెళ్ళిపోయింది.

ఈ మాటలు పక్క కుర్చీలో కూర్చున్న ఇంగ్లీషు మేడమ్ విన్నది. ఆమె నెల్లూరులో ఒక పాస్టరు గారి కూతురు. ఎన్నో ఏళ్ళుగా కాంట్రాక్టు మీదే చెబుతోంది. ఏటా ఉంటుందో పోతుందో తెలియని ఉద్యోగమైనా ఆ కళాశాలలో అందరికంటే శ్రద్ధగా ఆమే చెప్పేది.

"ఆ అమ్మాయికి రానిది ఇంగ్లీషా, మీ సబ్జెక్టా సార్?" అని అడిగింది.

"రెండూ అయ్యుంటాయి."

"తెలుగులో చెప్పించి చూడండి. ఆదివారం బడిలో పిల్లలకు మేం కథ చెప్పాక, మళ్ళీ వాళ్ళతో చెప్పిస్తాం. వాళ్ళు తిరిగి చెప్పేదాకా మేం చెప్పినట్టు కాదు. ముందు మీరు తెలుగులో చెప్పండి, తర్వాత అదే ఇంగ్లీషులో ఎలా రాయాలో నేను చెబుతాను. కాలేజీ గంట కొట్టకముందే పెట్టుకుందాం. అప్పుడు ఎవరికీ అడ్డుండదు."

ఎవరికీ అడ్డుండకపోవచ్చు గాని నేను ఇంకా ముందు బస్సు ఎక్కాలి. అయినా ఆమె ముందు కాదనలేకపోయాను. జీతం నాకు ఆమె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కొత్త విద్యాసంవత్సరంలో మొదలుపెట్టాం. తప్పినవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు కలిసి గది నిండేది. బీరువాలోంచి నా పాత తెలుగు నోట్సు తీశాను. నా తెలుగు మీద నాకు కాస్త గర్వముండేది. ఉదాసీనతా వక్రరేఖల పాఠం వచ్చిన రోజున బోర్డు మీద బొమ్మ గీసి, "ఉదాసీనతా వక్రరేఖ మూలబిందువుకు కుంభాకారంగా ఉండును" అని నిదానంగా, స్పష్టంగా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. మూడో బెంచీలోంచి చెయ్యి లేచింది.

"సార్, ఒకటడగొచ్చా. ఇది తెలుగేనా?"

గదంతా నవ్వారు. నాకు మొదట కోపమొచ్చింది. ఆమె మొహం చూస్తే ఎగతాళి ఏమీ లేదు.

"ఇంగ్లీషయితే, మనకు రాదులే అని ఊరుకుంటాం సార్. ఇది తెలుగంటారు, అయినా తెలీదు. అప్పుడు మనకే బుర్ర లేదేమో అనిపిస్తది."

ఇన్నేళ్ళుగా నేను తెలుగులోనే చెబుతున్నాననుకున్నాను. ఎంతమంది తమకు బుర్ర లేదనుకుని వెళ్ళిపోయారో మరి. నోట్సు మూసి బల్ల మీద పెట్టాను. పుస్తకం లేకుండా చెప్పడం నాకు అలవాటు తప్పింది. తడుముకుంటూ చెప్పాను. మనిషి దగ్గర రెండు రకాల వస్తువులున్నాయనుకోండి, ఒకటి కొంచెం తగ్గించి దానికి బదులు ఇంకోటి కొంచెం ఎక్కువిస్తే అతని తృప్తి మారదు, అలా తృప్తి మారని జతలన్నీ చుక్కలుగా పెట్టి కలిపితే ఈ గీత వస్తుంది అన్నాను. ఇంగ్లీషు మేడమ్ వెనక బెంచీలోంచి, "ఎవరైనా తిరిగి చెప్పండి" అంది.

ఎవరూ లేవలేదు. చివరికి అక్కే లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. సుద్దముక్క అందుకుని కాసేపు బొమ్మనే చూస్తూ నిలబడింది.

"తిరణాలకు పోయినాం అనుకోండి. మా అన్న నాకు నాలుగు మూరల మల్లెపూలు, డజను గాజులు కొనిచ్చినాడు. నేను సంతోషంగా ఉండా. పూలు ఒక మూర తక్కువ దొరికినాయి, గాజులు ఇంకో నాలుగు ఎక్కువిస్తాలే అన్నాడు. అలుగుతానా? అలగను. సరిపోయింది. ఇట్టా నేను అలగకండా ఉండే చోట్లన్నీ కలిపితే ఈ గీత. దీని మీద నన్ను యాడ నిలబెట్టినా నాకు ఒకటే." తిరిగి నన్ను చూసి, "అంతేనా సార్?" అంది.

"అంతే. మరి గీత తిన్నగా లేకుండా వంపు ఎందుకు తిరిగింది?"

ఆలోచించింది. "పూలు తగ్గేకొద్దీ..." అని ఆగి, "పూలు నాలుగు మూరలున్నప్పుడు ఒక మూర పోతే పోయింది. ఉండేదే రెండు మూరలైతే ఊరికే ఎందుకిస్తా? ఒక మూరకు గాజులు శానా ఇయ్యాల. అందుకు వంగింది" అంది.

వెనకనుంచి ఒక పిల్లవాడు, "అయితే ఇది అలగని గీత అక్కా" అన్నాడు. ఆ రోజునుంచి ఆ తరగతిలో దానికి అదే పేరు. ఇంగ్లీషు మేడమ్ లేచి వెళ్ళి, అదే సంగతి పరీక్షలో రాయడానికి నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా బోర్డు మీద రాసింది. పిల్లలు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకున్నారు. అక్కకు కొంచెం ఎక్కువసేపు పట్టింది. ఆమె రాయడం అయ్యేదాకా మేడమ్ బోర్డు తుడవలేదు.

ఆ కొన్ని వారాలూ నేను బస్సులో నిద్రపోకుండా పాఠం ఆలోచించుకుంటూ వెళ్ళాను. ఆశ్చర్యంగానే ఉండేది. అలసట ఏమీ తగ్గలేదు. సాయంత్రానికి నడుము పట్టేసేది. కానీ తరగతిలో ఉన్నంతసేపూ తరగతిలోనే ఉండేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న అటెండరు వచ్చి ప్రిన్సిపాల్ గారు రమ్మంటున్నారని చెప్పాడు. వెళితే ఆయన బల్ల ముందు ఒకతను నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, ఎండకు నల్లబడ్డ మెడ. కూర్చోమన్నా కూర్చోలేదు. మా తరగతిలోని అక్కకు అన్నగారని ప్రిన్సిపాల్ గారు పరిచయం చేశారు.

"పొద్దునపూట తెలుగులో చెప్తుండారంట గదా సార్" అన్నాడు అతను. గొంతులో కోపం లేదు.

"అర్థం కావడానికి చెబుతున్నామయ్యా. రాయించేది ఇంగ్లీషులోనే."

"అర్థమయ్యేదాన్ని నేను వద్దన్ను సార్. కానీ తెలుగు మా ఇంట్లో ఉండాది. దానికోసం కంపెనీ పని మానుకొని, బస్సెక్కి ఇంత దూరం రావాల్సిన పని లేదు. ఇంగ్లీషులో చెప్తారంటేనే గదా నేను సరే అన్నది."

నేను ఏదో చెప్పబోయాను. ప్రిన్సిపాల్ గారు చేత్తో ఆగమన్నారు. అతను కిందకు చూస్తూ చెప్పుకుపోయాడు.

"నేను మద్రాసు హార్బర్లో బోటు నడిపినా సార్. ఒకసారి నడిసముద్రంలో ఇంజను చెడిపోయి గాలికి కొట్టుకపోయినాం. వేరే బోటు వాళ్ళు కట్టి లాక్కొచ్చినారు. ఒడ్డుకొచ్చినాక ఆఫీసులో ఒకాయన ఏం జరిగిందని ఇంగ్లీషులో అడగతుండాడు. డ్రైవర్ని నేను. ఏం జరిగిందో తెలిసినోణ్ణి నేను. మాతో మొదటిసారి బోటెక్కినోడు ఒకడుండాడు, వాడికి ఇంగ్లీషొచ్చు. వాడికి తోచింది వాడు చెప్పినాడు. అదే రాసుకున్నారు. తప్పు నామీద పెట్టి రాసుకున్నారు సార్. నేను అక్కడే నిలబడి ఉండా, స్తంభం మాదిరి. మా చెల్లెలు ఎప్పుడూ అట్టా నిలబడకూడదు. అంతే నేను చెప్పేది."

ప్రిన్సిపాల్ గారు రసాయనశాస్త్రం మనిషి, గొడవలంటే భయం, మంచివాడు. అతన్ని పంపించాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇప్పుడు నోటితో చెప్పి పోయాడు సార్. రేపు ఇంకొకరు కాగితం మీద రాసిస్తే నేను పైకి జవాబు చెప్పుకోవాలి. ఉత్తర్వులో ఇంగ్లీషు మీడియం అని ఉంది. ఆపేయండి."

ఆపేశాం. నిజం చెబుతున్నాను, మర్నాడు ఆలస్యంగా బస్సెక్కినప్పుడు నాకు హాయిగా ఉంది. నేను చేయగలిగింది చేశాను, ఆపింది వేరేవాళ్ళు. అలసిపోయిన మనిషికి అంతకంటే సుఖమైన ఏర్పాటు ఉండదు. పైగా అతను అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తరగతి ఆగిన ఆ మర్నాడు మధ్యాహ్నమే ఆమె వచ్చింది.

"మా అన్న వచ్చిపోయినాడంట గదా సార్. నాకు ముందే తెలిస్తే వద్దనేదాన్ని."

"కోపం వచ్చిందా ఆయన మీద?"

"రాలేదు సార్. ఆ ఆఫీసు సంగతి మాకెప్పుడూ చెప్పలా. నిన్ననే చెప్పినాడు." కాసేపు తలుపు గొళ్ళెం తిప్పుతూ నిలబడింది. "ఆయన చెప్పింది నిజమే. మీరు చెప్పేదీ నిజమే. నాకు రెండూ కావాల సార్. ఒకటి తగ్గించి ఇంకోటి ఎక్కువిస్తామంటే కుదరదు. ఇక్కడ మాత్రం నేను అలుగుతా."

నవ్వుతూనే అంది. వెళ్ళేటప్పుడు మొహంలో నవ్వు లేదు.

మళ్ళీ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు ఒక వింత గమనించాను. నేను ఇంగ్లీషులో పేరా చదువుతుంటే పిల్లలు అక్కడక్కడ తలలూపుతున్నారు. అదీ సరైన చోట్ల. వెనక బెంచీ పిల్లవాడొకడు నేను చదవబోయే వాక్యాన్ని నాకంటే ముందే గొణిగాడు. నా ఇంగ్లీషు బాగుపడిందని ఒక రోజంతా అనుకున్నాను. ఇంగ్లీషు మేడమ్‌తో చెబితే, ఆమె నవ్వి ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

పిల్లలందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో అక్క వాయిస్ మెసేజ్. బస్సు రొద, కండక్టరు విజిలు, ఆ మధ్యలో ఆమె గొంతు.

"ఎండనపడి ఇంటికొచ్చినాం. మొదటి గ్లాసు మజ్జిగ తాగితే ప్రాణం లేచొస్తది. రెండోది బాగుంటది. మూడోది బలవంతం. నాలుగోది పోస్తే పోసినోళ్ళ మీద కోపమొస్తది. ఇంకొక్క గ్లాసుకు ఇంకెంత హాయి, అదే మార్జినల్ యుటిలిటీ. సార్ పుస్తకంలో ఉపాంత ప్రయోజనం అని ఉండాది, భయపడబాకండి, ఉపాంతమంటే 'ఇంకొకటి', అంతే. ఇప్పుడు ఇంగ్లీషులో చెప్తా, నాతోపాటు మీరు గూడా అనండి."

తర్వాత ఇంగ్లీషు వాక్యం. ఒక్కో మాటా విడివిడిగా, తొందర లేకుండా. మళ్ళీ ఒకసారి. ఆమె ఇంగ్లీషు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"రోజూ బస్సులో చెప్పి పంపుతుంది" అంది మేడమ్. "ఇంగ్లీషు వాక్యాలు ముందు రోజు నా దగ్గర దిద్దించుకుంటుంది. మీకు చెప్పొద్దంది."

"ఎందుకు?"

"క్లాసు ఆపేసినందుకు మీరు చాలా బాధపడుతున్నారని అనుకుంటోంది సార్."

ఇంకొకటి వినిపించమన్నాను. మేడమ్ ఆ వారం మెసేజ్‌లన్నీ వినిపించింది. అన్నీ బాగున్నాయి. ఒకదాంట్లో మాత్రం తప్పుంది. వస్తువు ధర తగ్గితే డిమాండ్ రేఖ మొత్తం పక్కకు జరుగుతుందని చెప్పింది. మొదటి ఏడాది పిల్లల్లో ఎక్కువమంది చేసే తప్పే. తరగతిలో ఒకరు చేస్తే దిద్దేస్తాం. ఇది అందరి ఫోన్లలోకి చేరిపోయింది. దిద్దకపోతే తరగతి మొత్తం అదే రాస్తుంది. దిద్దితే ఆమె మళ్ళీ నోరు విప్పుతుందో లేదో. ఆ రోజంతా ఎటూ తేల్చుకోలేకపోయాను. మర్నాడు తరగతయ్యాక ఆమెను వరండాలో ఆపి చెప్పాను.

మొహం పాలిపోయింది. "అందరికీ తప్పు చెప్పినానా సార్?"

"ఒక్కచోట. ధర మారితే అదే గీత మీద మనం పైకో కిందకో పోతాం. ఆదాయం, అలవాటు, ఇంకేదైనా మారితేనే గీత కదులుతుంది."

ఆ సాయంత్రం మేడమ్ ఫోనుకు కొత్త మెసేజ్ వచ్చింది. "మొన్న నేను చెప్పింది తప్పు. సార్ విని దిద్దినారు. ధర మారితే మనం ఒడ్డు మీద అటూ ఇటూ నడిచినట్టు. ఒడ్డు యాడికీ పోదు. ఇంకేదన్నా మారితే ఒడ్డే కోసుకుపోయినట్టు. పాతది తీసేయండి, ఇది ఉంచుకోండి." ఆగకుండా చివరిదాకా చెప్పింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె మా గదికి వచ్చేది. మర్నాడు చెప్పబోయేది ముందు నాకు చెప్పేది. నేను వినేవాణ్ణి, దిద్దేవాణ్ణి, కొన్నిసార్లు దిద్దించుకునేవాణ్ణి. ఒక్క విద్యార్థినితో తెలుగులో మాట్లాడకూడదని ఉత్తర్వులో ఎక్కడా లేదు. ప్రిన్సిపాల్ గారు గుమ్మం ముందునుంచి వెళుతూ, ఆగి, ఏమీ విననట్టు వెళ్ళిపోయేవారు.

పరీక్ష రోజు వాయుగుండం పట్టి ఉంది. రాత్రంతా వాన. దారిలో కాలువ పొంగి నీళ్ళు రోడ్డు మీదికి వచ్చాయని, అటువైపు బస్సులు రావడం లేదని చెప్పుకున్నారు. పరీక్ష వాయిదా పడుతుందేమోనని చూశాం, పడలేదు. అక్క రాలేదు. పరీక్ష గంట కొట్టే వేళ దగ్గరపడింది. ఇంగ్లీషు మేడమ్ గొడుగు పట్టుకుని గేటుదాకా వెళ్ళడం, తిరిగి రావడం. నేను వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఎంతోమంది పిల్లలు ఎన్నో పరీక్షలకు రాకపోవడం చూశాను. ఎవరి కోసమూ ఇలా నిలబడలేదు.

చివరికి ఒక మోటారు సైకిలు వచ్చింది. సముద్రం మీదికి వెళ్ళొద్దని హెచ్చరిక ఉన్నందువల్ల అన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. ఆమెను వెనక ఎక్కించుకుని, నీళ్ళున్నచోట ఇద్దరూ దిగి బండిని తోసుకుంటూ వచ్చారట. నడుముదాకా తడిసి ఉంది. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవరులో చుట్టి చేత్తో పట్టుకుంది. మా ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అన్న బండికి స్టాండు వేసి వరండా చూరు కిందికి వచ్చాడు. అక్కడ కొందరు పిల్లలు ఇంకా లోపలికి వెళ్ళకుండా ఆఖరి నిమిషం చదువు చదువుతున్నారు. ఒకడి చేతిలో ఫోను, చుట్టూ నలుగురు. ఫోన్లోంచి గొంతు వస్తోంది. అన్న జుట్టు పిండుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"ఎవురిదబ్బయ్యా ఆ గొంతు?"

"మా అక్కది అన్నా. ఎకనామిక్స్ అక్క. మాకందరికీ ఆమే చెప్తది."

అతను ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. తెలుగులో చెప్పడం అయిపోయి ఇంగ్లీషు వాక్యాలు మొదలయ్యాయి. నలుగురు పిల్లలూ పెదాలు కదుపుతూ ఆ గొంతుతోపాటే అంటున్నారు. గంట కొట్టడంతో ఫోన్ ఆపేసి లోపలికి పరుగెత్తారు. అతను అక్కడే నిలబడి, నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"అది ఇంగ్లీషే గదా సార్, ఇప్పుడు చెప్పింది?"

"ఇంగ్లీషే."

"తప్పుల్లేకండా చెప్పిందా?"

"లేవు. అంతా సరిగానే చెప్పింది."

తలూపాడు. వాన వైపు తిరిగి నిలబడ్డాడు. నాతో చెబుతున్నాడో తనకే చెప్పుకుంటున్నాడో తెలియనట్టు, "ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలా" అన్నాడు. ఇంగ్లీషు మేడమ్ లోపలినుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి వేసింది. ఈసారి కూర్చున్నాడు. పరీక్ష అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆమె పాసైంది. గొప్ప మార్కులేమీ రాలేదు. ఇంగ్లీషులో రాసేసరికి సమయం చాలలేదంది. కంపెనీ మాట ఇంట్లో మళ్ళీ రాలేదని, అన్న తనంతట తానే ఫీజు తేదీలు అడిగి తెలుసుకుంటున్నాడని తర్వాత చెప్పింది. ఆ మెసేజ్‌లు విన్న పిల్లల్లో చాలామంది గట్టెక్కారు, అందరూ కాదు. అలగని గీత అని పేరుపెట్టిన పిల్లవాడు ఆ పేపరు మళ్ళీ పోగొట్టుకుని, చదువు మానేసి, చెన్నైలో ఏదో గోడౌనులో చేరాడని విన్నాను. వాడు తెలివైనవాడు. ఎక్కడ జారిపోయాడో నేను పట్టుకోలేకపోయాను.

నేను రిటైరైన ఏడాదికి అక్కడ అర్థశాస్త్రంలో చేరేవాళ్ళు తగ్గిపోయి, ఆ గ్రూపునే ఎత్తేశారు. నా ఉద్యోగం చివరి రోజున శాలువా కప్పి, నా సేవల గురించి ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. నేనూ ఏదో మాట్లాడాను. ఇంగ్లీషు మేడమ్ కాంట్రాక్టు ఇంకా ఏటికేడు పొడిగిస్తూనే ఉన్నారు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది.

అక్క డిగ్రీ ముగించి, మొన్న యూనివర్సిటీలో ఎమ్మేలో చేరింది. హాస్టల్లో ఉంటోంది. చేరిన వారం తిరక్కుండానే నాకు ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడ సూక్ష్మ అర్థశాస్త్రం మళ్ళా మొదటినుంచి మొదలుపెట్టినారు. ఈసారి అంతా లెక్కలతో. బోర్డు నిండా లెక్కలే."

"ఎట్లా ఉంది?"

"ఒక్క ముక్క అర్థం కాలేదు సార్." గొంతులో దిగులేమీ లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "మీరు ఒకసారి చెప్తారా?"

నా తరంలో మేము ఆ లెక్కలు బట్టీపట్టి పాసయ్యాం. ఎందుకు చేస్తున్నామో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు రోజులాగి ఫోన్ చెయ్యమ్మా అన్నాను. నా దగ్గరున్న పాత ఎమ్మే పుస్తకం వెతికి, కళ్ళజోడు తుడుచుకుని, కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాను. రిటైరైన మనిషికి ఇదేం పని అని ఇంట్లో అడిగారు. ఒక పుట అయింది. రెండో పుట మధ్యలో ఆగిపోయాను. ఇవాళ్టికీ అక్కడే ఉన్నాను, రేపు ఆమె ఫోన్ చేస్తుంది. మీరు కొత్తగా చదువుకుని వచ్చినవాళ్ళు. మీలో ఎవరికైనా ఆ లెక్కలు బాగా వస్తే ఈ సాయంత్రంలోగా నాకు ఫోన్ చేయండి. మామూలు తెలుగులో చెప్పాలి, ఇద్దరికీ.